బంతిలో పాపాయికొక ఆకు

"అన్నప్రాశననాడే ఆవకాయా?" అన్న సామెతను తొందరపాటువారిని మందలించడానికి వాడుకొంటాం. తెలుగు పంతులుగా ఉన్నన్నాళ్ళూ పిల్లలకు నేను చెప్పిన అర్థమూ అదే. అయితే ఈ సామెతలో మరొక సంగతి ఇమిడి ఉన్నది. అన్నప్రాశన ఒక కొన, ఆవకాయ మరొక కొన. ఆ రెంటికీ నడుమ పసిబిడ్డ నడవవలసిన దారి ఒకటి ఉన్నది. మొదటి కొనను మనం మేళతాళాలతో జరుపుకొంటాం. రెండవ కొన ఎప్పుడో దానంతట అదే వస్తుంది. నడిమి దారిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఈ టపా ఆ దారిని గురించి. పద్యాలూ ఛందస్సూ వదలి పంతులుగారు పసిపిల్లల తిండి మీద పడ్డారేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వినా సరే, చివరిదాకా చదవండి.

మన పెద్దలు ఆహారాన్ని భక్ష్యం, భోజ్యం, లేహ్యం, చోష్యం, పానీయం అని అయిదు తెగలుగా విభజించారు. కొరికి నమిలేది భక్ష్యం, అంతగా నమలనక్కరలేకుండా తినేది భోజ్యం, నాకేది లేహ్యం, పీల్చి చప్పరించేది చోష్యం, తాగేది పానీయం. విందుభోజనపు వర్ణనలలో తప్ప ఈ మాటలు ఇప్పుడు వినబడవు. కాని పసిబిడ్డ నోటిని గమనించినవారికి ఈ విభాగం ఎంత సార్థకమో తెలుస్తుంది. బిడ్డ పానీయంతో మొదలుపెడుతుంది. తరువాత వేలికి రాసినది నాకుతుంది. ఆపైన పండుముక్కను చప్పరిస్తుంది. మెత్తని ముద్ద మింగుతుంది. చివరకు కొరికి నముల్తుంది. ఏడాది తిరిగేసరికి అయిదు మెట్లూ ఎక్కవలసిన నోరు అది. మనం చాలామందిమి బిడ్డను రెండవ మెట్టు మీదనో నాలుగవ మెట్టు మీదనో ఏడాదిన్నర దాకా కూర్చోబెడుతున్నాము. నా అభ్యంతరం అక్కడ.

ముందు, వేళను గురించి ఒక మాట. ఆరవ నెలలో తేలికైన, హితమైన అన్నం పెట్టమని సుశ్రుతసంహిత చెప్పింది. కాశ్యపసంహిత ఇంకా నిదానించి, ఆరవ నెలలో పండ్ల రుచి చూపి, అన్నం పదవ నెలలో పెట్టమన్నది. నేటి వైద్యులు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే చాలునంటారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ కూడ అదే తీర్మానించింది. ఇక్కడ తెలుగు పండితుడిగా ఒక చిన్న భేదం చెప్పనివ్వండి. "ఆరవ నెల" వేరు, "ఆరు నెలలు నిండటం" వేరు. ఆరవ నెల నడుస్తున్న బిడ్డకు నిండినవి అయిదు నెలలే. మగబిడ్డకు సరి నెల, ఆడబిడ్డకు బేసి నెల అనే ఆచారం ప్రకారం అమ్మాయికి అయిదవ నెలలోనే అన్నప్రాశన చేసే ఇళ్ళున్నాయి. అప్పటికి ఆ తల్లికి నిండినవి నాలుగే. ఏడవ నెలలో చేస్తే అదీ బేసి నెలే, ఆరూ నిండుతాయి. వేడుకకు ముహూర్తం ఎప్పుడైనా పెట్టుకోండి. వెండిగిన్నెలోని పాయసం పెదవికి తాకించి ఊరుకోండి. తిండి మాత్రం నెలలు నిండాక, మెడ నిలిచి, ఆనుకొని కూర్చుని, నోటిలో పెట్టినదాన్ని నాలుకతో బయటకు తోసే అలవాటు పోయాక మొదలుపెట్టండి.

మొదలైన తరువాత జరుగుతున్నదేమిటి? పప్పుకట్టు, గంజి, పలుచని జావ. ఎనిమిది కిలోల బిడ్డ పొట్ట సుమారు పావు లీటరు పట్టే తిత్తి. దానిని నీళ్ళతో నింపితే బిడ్డ ఆకలి తీరినట్లు కనబడుతుంది, బలం మాత్రం రాదు. జావ చెంచాను వంచితే జారిపోకుండా నిలవాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు ముఖ్యంగా కావలసినది ఇనుము. పుట్టుకతో తెచ్చుకొన్న నిలువ అప్పటికి తరిగిపోతుంది, తల్లిపాలలో ఉండేది స్వల్పం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లలలో 67.1 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అంతకు ముందు సర్వేలో అది 58.6 శాతం. ఆరు నుండి ఇరవైమూడు నెలల పిల్లలలో తగినంత ఆహారం అందుతున్నవారు 11.3 శాతమే. నూటికి పదకొండుమంది! అన్నం పరబ్రహ్మస్వరూపమని గోడకు రాసుకొన్న దేశంలో ఈ అంకె చూసినప్పుడు నాకు సిగ్గు వేసింది. బీదతనం ఒక్కటే దీనికి కారణమైతే నేను ఈ టపా రాయను. కలవారి ఇళ్ళలోనూ బిడ్డకు ఏడాది దాకా పప్పుకట్టే గతి.

పలుచదనం ఒక దోషమైతే, మెత్తదనం రెండవది. అన్నీ కలిపి మిక్సీలో వేసి లేపనంలా రుబ్బి చెంచాతో పోస్తారు. నాలుకకు పప్పేదో కూరేదో తెలియదు, దవడకు పని ఉండదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతపు పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. పలుకులున్న తిండిని పది నెలలు దాటేదాకా ఎరుగని పిల్లలు, పదిహేను నెలల వయసులో తిండి దగ్గర ఎక్కువ పేచీ పెట్టారని అది తేల్చింది. నమలడం కూడ నడక వంటిదే. దాని వేళకు నేర్పకపోతే తరువాత కష్టం. పళ్ళు రాలేదు గదా అంటారు. చిగుళ్ళు చాలు. ఉడికిన చిలగడదుంపను నలపడానికి చిగురును మించిన రోలు అక్కరలేదు.

కాబట్టి నా వాదం ఇది. ఏడవ నెల నుండే బిడ్డ చేతికి తిండి ఇవ్వాలి. వేలెడు పొడుగున కోసి మెత్తగా ఉడికించిన చిలగడదుంప, కారట్టు, గుమ్మడి, బీరకాయ. బొప్పాయి ముక్క, అరటిపండు, ఇడ్లీ ముక్క, రాగిసంగటి ముద్ద, బాగా ఉడికిన గుడ్డు. తినే ఇళ్ళలో ముళ్ళు తీసిన చేప. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నొక్కితే నలగాలి, అంతే పరీక్ష. మొదట బిడ్డ పిడికిట పట్టుకొని పిడికిలి పైకి వచ్చినంత మేర చీకుతుంది. తొమ్మిదవ నెల ప్రాంతంలో రెండు వేళ్ళతో మెతుకు ఏరుకోవడం వస్తుంది. అప్పుడు చిన్న చిన్న మెత్తని ముక్కలు. ఏడాదికి ఇంట్లో అందరూ తినేదే, కారమూ ఉప్పూ వేయకముందు తీసి పక్కన పెట్టినది.

ఇంగ్లీషువారు మొదటిదాన్ని ఫింగర్ ఫుడ్స్ అనీ రెండవదాన్ని టేబుల్ ఫుడ్స్ అనీ అంటారు. మనకు బల్ల నిన్నగాక మొన్న వచ్చింది, బంతి అనాదిగా ఉన్నది. అందుచేత రెండవదాన్ని నేను "బంతితిండి" అంటాను. మొదటిదానికి నాకు తోచినవి రెండు మాటలు: పిడికిట పట్టేది "పిడికిలితిండి", వేళ్ళతో ఏరుకొనేది "చిటికెతిండి". ఒక ఇంగ్లీషు మాటలో కలిసిపోయిన రెండు దశలు తెలుగులో విడివిడిగా పలకడం నాకు ముచ్చటగా ఉన్నది.

ఇదంతా పడమటి పిచ్చి అనేవారున్నారు. బిడ్డే తన చేత్తో తినే పద్ధతిని గురించి గిల్ రాప్లీ అనే బ్రిటిష్ ఆరోగ్య కార్యకర్త 2008లో పుస్తకం ప్రచురించి ప్రచారం చేసిన మాట నిజమే. కాని మామిడిటెంక ఇచ్చి పిల్లవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టిన మన ముత్తవ్వలు ఏ పుస్తకం చదివారు? అరచేతిలో పప్పూ కూరా కలిపినట్లు నటించి, వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి, చంక దాకా నడిపి కితకితలు పెట్టే ఆట ఉన్నది గదా, అందులో విస్తరి బిడ్డ అరచెయ్యే. తిండి చేతిలో ఉంటుందని ఆ ఆట చెప్పనే చెబుతున్నది.

మా ఇంట్లో ఈ విషయమై పెద్ద చర్చే జరిగింది. మా మనుమరాలికి ఎనిమిదవ నెల. కోడలు చాప మీద పాత దుప్పటి పరచి, పళ్ళెంలో మెత్తని పప్పన్నం పెట్టి, పిల్లను ముందు కూర్చోబెట్టింది. పిల్ల రెండు చేతులూ పళ్ళెంలో పెట్టి పిసికి, జుట్టుకు పూసుకొని, పిడికెడు నోట్లో కుక్కుకొన్నది. మా ఆవిడ చూడలేకపోయింది.

"అన్నాన్ని అలా తొక్కనిస్తారటమ్మా? మహాపాపం. ఇలా తే, నాలుగు గోరుముద్దలు పెడితే అయిపోతుంది."

"అత్తయ్యగారూ, కింద పడింది కాదు, నోట్లోకి పోయింది చూడండి. రేపు ఇంకాస్త పోతుంది."

"ఈ మెతుకులన్నీ ఎవరెత్తుతారు?"

"నేనే ఎత్తుతాను."

న్యాయనిర్ణయానికి నన్ను పిలిచారు. ఇటువంటి వ్యాజ్యాలలో తీర్పు చెప్పిన మామగారికి రెండు వైపులా అక్షింతలే. అయినా నా అభిప్రాయం చెప్పాను, ఇక్కడా అదే చెబుతున్నాను. గోరుముద్ద మన సంస్కృతిలో సొగసైన వస్తువు. ఆ మాటకు సాటి వచ్చే మాట మరో భాషలో నాకు కనబడలేదు. పెట్టే చేతికీ తినే నోటికీ నడుమ చందమామనూ కాకినీ పిలిచిన భాష అది. దాన్ని పోనివ్వరాదు. కాని గోరుముద్ద పెట్టేవారికి బిడ్డ ముఖం చూడటం రావాలి. తల తిప్పితే ఆగాలి, నోరు తెరిస్తే పెట్టాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలలోనూ బిడ్డ సైగలను గమనించి తినిపించమన్న మాట ఉన్నది. మా ఇంట్లో చివరకు మధ్యాహ్నం బువ్వ పాపాయి చేతికీ, రాత్రి బువ్వ నాయనమ్మ చేతికీ వచ్చాయి. మెతుకులు నేను ఎత్తుతున్నాను.

గోరుముద్దకు అసలు శత్రువు చేతితిండి కాదు, సెల్‌ఫోను. ఫోనులో బొమ్మలు ఆడుతుంటే నోరు తెరుచుకొంటుంది, చెంచా లోపలికి పోతుంది. బిడ్డ ఏమి తిన్నదో బిడ్డకు తెలియదు. కడుపు నిండిన సంగతి చెప్పే గంట మోగదు. చందమామను చూపేటప్పుడు తల్లి కూడ అక్కడే ఉండేది, ఆమె గొంతు వినబడేది. ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. పైగా భాషోపాధ్యాయుడిగా నాకు మరొక బాధ. నాకు, చప్పరించు, జుర్రు, కొరుకు, నములు, మింగు, నంజుకో, కలుపుకో అనే క్రియలన్నీ బిడ్డ నేర్చేది విస్తరి ముందు. పులుపు, వగరు, చేదు అన్న మాటలకు అర్థం నాలుక మీదనే తెలియాలి. వాటిని నిఘంటువులో చూపగలిగిన పంతులు ఎక్కడా లేడు. కాకరకాయ చేదని విన్న పిల్లవాడికీ తిన్న పిల్లవాడికీ ఆ మాట ఒకటే కాదు.

ఇక భయం సంగతి. "గొంతుకు అడ్డం పడితే?" అన్న ప్రశ్న న్యాయమైనది. ఇక్కడ తెలుగు మాటలు మనకు సాయం వస్తాయి. ఓకరించడం, పొలమారడం, అడ్డం పడటం, ఈ మూడూ మూడు వేరు వేరు సంగతులు. ముక్క నాలుక వెనుకకు పోయినప్పుడు బిడ్డ ముఖం ఎర్రబరచి, చప్పుడు చేస్తూ దాన్ని ముందుకు నెట్టడం ఓకరించడం. అది శరీరం తనను తాను కాపాడుకొనే పద్ధతి. బెదరక పక్కన కూర్చోవాలి. దారి తప్పిన మెతుకుకు దగ్గు రావడం పొలమారడం. దగ్గనివ్వాలి. బిడ్డ దగ్గలేక, ఏడవలేక, నిశ్శబ్దంగా నీలిబారితే అది అడ్డం పడటం. అప్పుడు "ఎవరో తలుచుకొంటున్నారు" అని నడినెత్తిన తడితే లాభం లేదు. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందుగా ఉంచి, భుజాల నడుమ అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయాలి. రాకపోతే వెల్లకిల తిప్పి, రొమ్ము నడుమ అయిదు సార్లు నొక్కాలి. వస్తువు వచ్చేవరకు మార్చి మార్చి చేయాలి, ఈలోగా మరొకరు 108కి ఫోను చేయాలి. కనబడని వస్తువు కోసం నోటిలో వేలు పెట్టి కెలకరాదు, ఇంకా లోపలికి పోతుంది. ఆరోగ్య కేంద్రంలో ఒక్కసారి చేసి చూపించమని అడగండి. ఇంట్లో ఉండే అమ్మమ్మలూ తాతయ్యలూ ముందు నేర్చుకోవాలి, బిడ్డ పగలంతా ఉండేది మన దగ్గరే గదా.

అడ్డం పడే వస్తువులనే దూరం పెడితే భయం చాలావరకు తీరుతుంది. వేరుశనగ గింజలు, వేయించిన శనగలు, గట్టి బఠానీలు, పేలాలు, మొత్తంగా ఇచ్చే ద్రాక్షపండు, సీతాఫలం గింజలు, రేగుపండ్లు, పచ్చి కారట్టు, గట్టి జామకాయ ముక్క, చక్కెర బిళ్ళలు వద్దు. పడుకొని, పాకుతూ, నవ్వుతూ తినడం వద్దు. బిడ్డ చేతిలో తిండి ఉన్నంతసేపూ పెద్దవారు ఒకరు పక్కన ఉండి తీరాలి.

గింజ వద్దంటే వేరుశనగే వద్దని కాదు. లండనులో 640 మంది పసిపిల్లలతో జరిగిన పరిశోధన ఫలితాలు 2015లో వచ్చాయి. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు పడకపోవడం గానీ ఉన్న ఆ బిడ్డలలో, ఏడాది లోపే వేరుశనగ తినడం మొదలుపెట్టినవారికి అయిదేళ్ళ వయసున ఆ గింజ పడకపోవడం చాలా తక్కువగా కనబడింది. అటువంటి లక్షణాలున్న బిడ్డకైతే ముందు వైద్యుణ్ణి అడగాలి. మిగిలినవారికి మెత్తగా నూరి జావలో కలిపి పెట్టవచ్చు. ఇనుపరోట్లో దంచిన వేరుశనగ పొడి మన అనంతపురం వారికి కొత్త కాదు.

ఆచారాన్ని గౌరవించే నేను ఒక్కచోట ఆచారం మార్చుకోమని గట్టిగా చెబుతాను. పెరుగు, తేనె, నెయ్యి, అన్నం కలిపి ఆరవ నెలలో తినిపించమని ఆపస్తంబ గృహ్యసూత్రం చెప్పింది. అందులో తేనె మానండి. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు ఏడాది లోపు బిడ్డ పేగులో మొలకెత్తి, నరాలను పట్టే విషాన్ని పుట్టిస్తాయి. కాచినా అవి చావవు. ఆ సూత్రం రాసిన రోజులలో సూక్ష్మదర్శిని లేదు. తెలిసినదాన్ని కలుపుకొని ఆచారాన్ని నడుపుకోవడమే పెద్దల పట్ల గౌరవం. ఉప్పు, చక్కెర, బెల్లం కూడ ఏడాది దాకా అక్కరలేదు. చప్పిడి తిండి మనకు చప్పన, బిడ్డకు కాదు. ఆ నాలుకకు గుమ్మడికాయే తీపి.

చక్కెర మాట వచ్చింది గనుక డబ్బా తిండి సంగతీ చెప్పాలి. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వరాదని మన దేశంలో 1992 నాటి చట్టం, దాని 2003 సవరణ నిషేధిస్తున్నాయి. ఇంత మంచి చట్టం చాలా దేశాలకు లేదు. అయినా డబ్బా ప్రతి ఇంటి అలమరలోనూ ఉన్నది. మన దేశంలో అమ్మే ఒక ప్రసిద్ధ రకంలో ఒక్కొక్క వడ్డనకు దాదాపు 3 గ్రాముల చక్కెర కలిపి ఉన్నదని స్విట్జర్లాండులోని పబ్లిక్ ఐ అనే సంస్థ 2024 ఏప్రిల్‌లో బయటపెట్టింది. ప్రయాణంలో డబ్బా విప్పిన తల్లిని నేను నిందించను. రోజూ బిడ్డను దానికి అప్పగించడమే నాకు ఇష్టం లేని పని.

తల్లిని నిందించకపోవడం దగ్గరే నా అసలు మాట ఉన్నది. ఇంతసేపూ చెప్పినదంతా బిడ్డ పక్కన కూర్చొనే మనిషి ఉంటే జరిగే పని. పిడికిలితిండికి అరగంట పడుతుంది. మిరపకోతకు తెల్లవారుజామున పోయే తల్లికి ఆ అరగంట ఎక్కడిది? ఆఫీసు బస్సు ఎక్కే తల్లికి మాత్రం ఎక్కడిది? ఉపాధ్యాయుడిగా నేను చివరగా పనిచేసిన బడి ఆవరణలోనే అంగన్వాడీ ఉండేది. కూలికి పోయిన తల్లుల పిల్లలను అక్కలు చంకనెత్తుకొని వచ్చేవారు. అంగన్వాడీ ఇచ్చే బాలామృతం పొడి ఇంటికి వెళ్ళాక ఇంటిల్లిపాదికీ పంచబడేది. ఆరేళ్ళ అక్కకు చెల్లెలి నోట్లో ఏమి పెట్టాలో ఎవరు చెప్పారు? ఆమె చేతిలో ఉన్న మరమరాలే చెల్లెలికీ పెట్టేది.

తగినంత తిండి అందని ఆ ఎనభైతొమ్మిది మందిలో వీరున్నారు. వీరికి కావలసినది ఉపన్యాసం కాదు. బిడ్డతో కూర్చోవడానికి తీరిక ఉన్న ఒక మనిషి. ఆ మనిషి తండ్రి ఎందుకు కారాదు? మా తరం మగవారు బిడ్డకు ముద్ద పెట్టడం ఆడపని అనుకొని అరుగు మీద పేపరు చదివారు. ఉద్యోగ విరమణ చేసిన మనకు ఇప్పుడు తీరిక తప్ప మరేమీ లేదు. ఇంట్లో మనుమలు ఉంటే వారి పళ్ళెం ముందు, లేకుంటే వీధి చివరి అంగన్వాడీలో, రోజూ ఒక అరగంట కూర్చోవచ్చు. అక్కడి టీచరమ్మను అడిగి వెళ్ళండి, రెండు చేతులు అదనంగా దొరికితే ఆమె సంతోషించకపోదు.

పసిబిడ్డను బంతిలో కూర్చోబెట్టి ముందు ఒక ఆకు వేయడమంటే నువ్వూ ఈ ఇంటి మనిషివే అని చెప్పడం. పారబోసిన నాలుగు మెతుకులు ఆ మాటకు మనం చెల్లించే వెల. అంతకన్నా చవకగా ఆ మాట చెప్పే ఉపాయం నాకు తెలియదు.

"పిడికిలితిండి", "చిటికెతిండి", "బంతితిండి" అన్న మాటలు మీకు ఎలా ఉన్నవో వ్యాఖ్యలలో చెప్పగలరు. అంతకన్నా మంచివి మీ ప్రాంతంలో వాడుకలో ఉంటే నావి నిస్సంకోచంగా రద్దు చేసుకొంటాను. మీ ఇళ్ళలో పసివారికి మొదట చేతికి ఇచ్చిన తిండి ఏమిటో కూడ రాయండి. రాయలసీమ సంగటి, తెలంగాణ జొన్నరొట్టె, కోనసీమ అరటిపండు అన్నీ ఒకచోట చేరితే, కొత్తగా తల్లిదండ్రులైనవారికి అది ఏ డబ్బా మీది చీటీ కన్నా పనికివస్తుంది.